వద్దు అనే మాట

మా ఏ.ఎస్. రావు నగర్‌లో ఇప్పుడు ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. వాటి కింద నగల షాపులు, చీరల షాపులు, కర్రీ పాయింట్లు. ఇంత సందడి మధ్య మేడమీద గుమ్మడి వడియాలు పెట్టుకునే పాత ఇల్లు మాది. మావారు ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1967లో ఆ సంస్థని నిలబెట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారి పేరే మా కాలనీకి పెట్టుకున్నారు. ఇరుగూ పొరుగూ కరెంటూ సర్క్యూట్లూ తప్ప మాట్లాడని చోట నేను ఇన్నేళ్ళూ వడియాలతో నెట్టుకొచ్చానంటే నా ఓర్పు ఎంతటిదో మీరే ఊహించుకోండి.

మొన్న ఎండాకాలంలో ఓ సాయంత్రం, ఎండిన వడియాలు చేటలోకి ఎత్తుకుని దిగబోతూ, పూలకుండీల పక్కన పడివున్న చెక్కముక్క మీద కాలు వేశాను. చెక్కకి మేకుంది. నా కాళ్ళకి చెప్పుల్లేవు. తరవాతి సంగతి చెప్పనక్కరలేదుగా! చేట మాత్రం జారనివ్వలేదు. ఆడవాళ్ళకి అదొక గుణం.

పసుపు అద్దుకుని ఊరుకుందామనుకున్నాను. కోడలు చూసేసింది. "అత్తయ్యా, ఇంజెక్షన్ చేయించుకోవాలి" అంది. "వద్దు" అన్నాను. మావారు పేపరు మడిచి, "మేకు తుప్పు పట్టిందా?" అన్నారు. "వద్దండీ, చిన్న గాయమే" అన్నాను. ఏడేళ్ళ మనవడు చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు. "వద్దురా" అన్నాను. మూడుసార్లు వద్దన్న మనిషిని పది నిమిషాల్లో వీధి చివర క్లినిక్‌లో కూచోబెట్టారు. మా ఇంట్లో నా "వద్దు"కున్న విలువ అంతే.

ఆ డాక్టరమ్మాయి మా కోడలికన్నా చిన్నది. గాయం సబ్బునీళ్ళతో శుభ్రంగా కడిగి, "తుప్పుతో కాదమ్మా భయం. తుప్పు పట్టిన చోట మన్నూ పేడా అంటుకుని ఉంటాయి. ధనుర్వాతం క్రిమి ఉండేది అక్కడ" అంది. టీటీ అనే మనకి అలవాటైనా, ఇప్పుడిచ్చేది టీడీ అనీ, అందులో కంఠసర్పికి మందు కూడా కలిసి ఉంటుందనీ చెప్పింది. సూది గుచ్చించుకునేటప్పుడు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి నాకు. "ఇంతకీ ఆ క్రిమి లోపలికెళ్ళి ఏం చేస్తుందమ్మా?" అన్నాను.

"మన నరాల్లో 'కదులు' అని చెప్పేవి ఉన్నట్టే, 'వద్దు, ఆగు' అని చెప్పేవీ ఉంటాయండీ. ఆ వద్దు అనేవాటి నోరు నొక్కేస్తుంది" అంది.

ఇంటికొచ్చి కాలు ఎత్తి పెట్టుకుని కూచున్నానే గాని, ఆ మాట మనసులోంచి పోలేదు. ఎందుకు పోలేదో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

నాకంటే ముందు మా అమ్మకి ఓ మగపిల్లాడు పుట్టాడు. 1949లో, గోదావరి జిల్లాలో మా అమ్మమ్మగారి ఊళ్ళో. అమ్మకప్పుడు పదిహేడేళ్ళు. పురిటిగదిలో మంత్రసాని, పొయ్యిలో పిడకలు, గుమ్మానికి వేపమండలు. ఇంట్లో ఉన్న కొడవలితో బొడ్డు కోశారు. కోసినచోట పిడక బూడిద అద్దారు. ఆ రోజుల్లో అందరిళ్ళలోనూ చేసినట్టే చేశారు. పిల్లాడు ఐదు రోజులు చక్కగా పాలు తాగాడు. ఆరో రోజు పొద్దున్న నోరు పెట్టాడు గాని లాగలేదు. మధ్యాహ్నానికి నోరు తెరవలేదు. ఏడుపు సన్నబడింది. పిడికిళ్ళు బిగించాడు. తలుపు చప్పుడైతే చాలు, ఒళ్ళంతా వంకర తిరిగిపోయేదట. ఎనిమిదో రోజున పోయాడు.

పక్షిదోషమన్నారు, బాలారిష్టమన్నారు. అమ్మ నడిచొచ్చిన వేళ మంచిది కాదన్నవాళ్ళూ ఉన్నారు. అవన్నీ అమ్మ ఎలాగో మింగింది. ఒక్క మాట మాత్రం మింగలేకపోయింది. 1978లో నాకు పెద్దవాడు పుట్టినప్పుడు, హాస్పిటల్ మంచం పక్కన కూచుని, వాడు పాలు తాగుతుంటే చూస్తూ చూస్తూ, "వాడు నా పాలు వద్దన్నాడే" అంది. ముప్ఫై ఏళ్ళ కిందటి మాట! ఇద్దరం మళ్ళీ దాన్ని గురించి మాట్లాడుకోలేదు. అమ్మ 1996లో పోయింది.

అదండీ సంగతి. "వద్దు అనే నరాలు" అని డాక్టరమ్మాయి అనగానే నాకు కాలినొప్పి కాదు, ఆ మాట గుర్తొచ్చింది.

కాలు తగ్గేదాకా ఇల్లు కదలొద్దన్నారు కదా, మావారి చేత పుస్తకాలు తెప్పించుకున్నాను. ఆయనకి ఇలాంటి పని చెబితే పండగే. నేను చదివి, ఆయన చేత చెప్పించుకుని, అర్థమైనంత మటుకు మీకు చెబుతున్నాను.

నరాలంటే కబుర్లు మోసే తీగలని చాలాకాలం అనుకున్నారు. మెదడు "చెయ్యెత్తు" అంటే తీగలోంచి కబురు పోతుంది, చెయ్యి లేస్తుంది. దింపాలంటే? కబురు మానేస్తే సరి, దీపం స్విచ్చి ఆర్పినట్టు. ఎవరికైనా తోచేది ఇదే. కాని 1845లో జర్మనీకి చెందిన వెబర్ సోదరులు, ఎర్నెస్ట్, ఎడ్వర్డ్ అనేవాళ్ళు, ఓ వింత బయటపెట్టారు. మెదడు నుంచి గుండెకి దిగే వేగస్ అనే నరాన్ని కరెంటుతో ఉత్తేజపరిస్తే గుండె జోరుగా కొట్టుకోవడానికి బదులు మెల్లబడి ఆగింది! కబురు అందడం వల్ల ఆగింది. అంటే "ఆగు" అనేది కబురు లేకపోవడం కాదనీ, అదీ ఒక కబురేననీ అప్పుడు తెలిసింది. 1860ల్లో సెచెనోవ్ అనే రష్యన్ డాక్టరు కప్ప మెదడు మీద ఒకచోట ఉప్పుగల్లు పెట్టి చూశాడు. మామూలుగా ఆమ్లంలో ముంచగానే లాక్కోవలసిన కాలు ఆలస్యంగా లాక్కుంది. మెదడుకి కదిలించడమే కాదు, కదలకుండా పట్టి ఉంచడమూ చేతనవునన్నమాట.

ఈ చిక్కుముడి విప్పినవాడు చార్లెస్ షెరింగ్టన్ అనే ఇంగ్లీషాయన. మీ మోచెయ్యి ఒకసారి మడిచి చూడండి. పైచేతి ముందున్న కండ బిగుసుకుంటుంది, వెనకనున్న కండ సడలుతుంది. చాపితే తారుమారు. రెండు కండలూ ఒకేసారి బిగిస్తే చెయ్యి కొయ్యబారిపోతుంది. చపాతీ ఒత్తినా, రోట్లో పచ్చడి నూరినా, బిందె చంకనెత్తినా, ఒక కండకి "ఊఁ, కానియ్" అనే కబురు వెళ్ళినప్పుడల్లా దాని ఎదుటి కండని నడిపే నరానికి "నువ్వు వద్దు, ఊరుకో" అనే కబురు కూడా వెళుతుంది. వెన్నుపాములో ఈ జంట కబుర్లు ఎలా పనిచేస్తాయో షెరింగ్టన్ 1890ల నుంచీ ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి చూపించాడు. 1932లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆనాటి ఉపన్యాసానికి ఆయన ఎంచుకున్న విషయం కూడా ఈ "వద్దు" కబురే.

ఇక్కడ మా సికిందరాబాదు వాళ్ళం కాస్త గొప్ప చెప్పుకోవాలి. నరానికీ నరానికీ మధ్యనున్న సందుకి "సినాప్స్" అనే పేరు షెరింగ్టన్ పెట్టింది 1897లో. ఆ యేడే ఆగస్టు 20న సర్ రోనాల్డ్ రాస్ మా సికిందరాబాదులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. రెండేళ్ళ తరవాత రాస్ లివర్‌పూల్ వెళ్ళి అక్కడ పాఠాలు చెప్పాడు. అప్పటికి షెరింగ్టన్ అక్కడే ప్రొఫెసరు. ఒకే ఊళ్ళో ఉన్నారన్నమాట ఇద్దరూ. నల్లకుంటలో మనవాళ్ళు కోరంటి ఆస్పత్రి అని పిలిచే ఫీవర్ హాస్పిటల్‌కి ఉన్నది ఈ రాస్‌గారి పేరే. ధనుర్వాతం వచ్చినవాళ్ళని ఈ జంటనగరాల్లో తీసుకుపోయేదీ అక్కడికే. ఆ జబ్బులో అసలు దెబ్బ తినేదేమిటో చెప్పింది లివర్‌పూల్లో ఉన్న ఆయన సహోద్యోగి!

అదెలాగంటే, షెరింగ్టన్ రెండు విషాలు తీసుకున్నాడు. ఒకటి మన అడవుల్లోనే కాసే ముష్టిగింజల్లో ఉండే స్ట్రిక్నీన్. ముష్టిగింజ విషమని మన పల్లెల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందులోని విషసారాన్ని 1818లో పారిస్‌లో పెల్తియే, కావెంతూ అనే ఇద్దరు అదే జాతి గింజల నుంచి విడదీశారు. రెండోది ధనుర్వాతం క్రిమి విషం. ఈ రెండింటిలో ఏది ఎక్కించినా ఒకటే జరిగింది. సడలవలసిన కండ సడలడం మానేసి, తనూ బిగుసుకుంది. "వద్దు" అనే కబురు వెళ్ళవలసిన చోట అంతా "కానియ్" అయిపోయింది. దవడ మూసే కండలు తెరిచే కండలకంటే బలమైనవి కాబట్టి నోరు గిట్టకరుచుకుపోతుంది. వీపు కండలు పొట్ట కండలకంటే బలమైనవి కాబట్టి ఒళ్ళు విల్లులా వంగుతుంది. మన పూర్వులు ధనుస్తంభమనీ ధనుర్వాతమనీ పేరు పెట్టింది ఆ వంపు చూసే. ఘోరమేమిటంటే, ఇంత జరుగుతున్నా మనిషికి స్పృహ ఉంటుంది. దీపం వెలిగినా, పళ్ళెం కింద పడినా మళ్ళీ ఒళ్ళంతా పట్టేస్తుంది. రోగిని చీకటిగదిలో, చప్పుడు లేకుండా ఉంచేది అందుకే.

సరే, "వద్దు" అనే కబురు ఒకటుందని తేలింది. ఆ కబురు దేంతో రాస్తారు? కరెంటా, మందా? దీని మీద శాస్త్రజ్ఞులు మన వియ్యపురాళ్ళకి తీసిపోకుండా దెబ్బలాడుకున్నారు. 1921లో ఆస్ట్రియాలో ఓటో లోవీ అనే ఆయనకి ఈ గొడవ తేల్చే ప్రయోగం కలలో కనిపించింది. లేచి కాగితం మీద గిలికి పడుకున్నాడు. తెల్లారాక చూస్తే తను రాసింది తనకే అర్థం కాలేదు! అదృష్టం బాగుండి మర్నాడు రాత్రి మళ్ళీ అదే కల వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్మకుండా లేచి తిన్నగా లాబొరేటరీకి వెళ్ళిపోయాడు. ఒక కప్ప గుండెని వేగస్ నరంతో మెల్లబరిచి, అది మునిగివున్న ద్రవం తీసి, నరాలు తెంచేసిన ఇంకో గుండె మీద పోశాడు. అదీ మెల్లబడింది! "ఆగు" అనే మాట ద్రవంలో కరిగివుంది. అది అసిటైల్‌కోలీన్ అనే పదార్థమని తరవాత తేలింది.

గుండె సంగతి సరేగాని, వెన్నుపాములో నరానికీ నరానికీ మధ్య అలా కుదరదనీ, అక్కడ అంతా కరెంటేననీ జాన్ ఎకిల్స్ అనే షెరింగ్టన్ శిష్యుడు పట్టు పట్టాడు. ఏళ్ళ తరబడి వాదించాడు. చివరికి 1951లో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో స్వయంగా పరీక్ష పెట్టాడు. వెంట్రుకకంటే ఎన్నో రెట్లు సన్నగా సాగదీసిన గాజుగొట్టాన్ని పిల్లి వెన్నుపాములోని ఒకే ఒక్క నాడీకణంలోకి గుచ్చి, లోపలి కరెంటు కొలిచాడు.

ఇక్కడ నాకు అర్థం కాక మావారిని పిలిచాను. ఆయన టార్చిలైటు పట్టుకొచ్చారు. "ఇందులో సెల్లు ఒకటిన్నర వోల్టులు. అందులో ఇరవయ్యో వంతు తీసుకో. ఊరికే ఉన్న నాడీకణం లోపలికీ బయటికీ తేడా సుమారు అంత. లోపల మైనస్. డెబ్భై మిల్లీవోల్టులు అంటారు. 'కానియ్' అనే కబురొస్తే ఆ మైనస్ తగ్గుతుంది. కొంతదాకా తగ్గగానే కణం పేలుతుంది, అంటే తన కబురు ముందుకి పంపుతుంది. 'వద్దు' అనే కబురొస్తే మైనస్ ఇంకా పెరుగుతుంది. పేలడం కష్టమవుతుంది" అన్నారు.

"అప్పున్నవాడికి ఇంకాస్త అప్పు పెరిగినట్టా?" అన్నాను. ఆయన నవ్వారు. నలభయ్యేడేళ్ళ కాపురంలో నా పోలిక ఒకటి ఆయనకి నచ్చడం అదే మొదలు.

ఎకిల్స్ చెప్పిన కరెంటు సిద్ధాంతం నిజమైతే, "వద్దు" కబురు వచ్చినప్పుడు సూది ఒక తీరుగా కదలాలి. అది సరిగ్గా అవతలివైపుకి కదిలింది. మరొకరైతే సూది తప్పనేవారు. ఎకిల్స్ తన వాదమే తప్పని ఒప్పుకుని అవతలి జట్టులో చేరిపోయాడు! తప్పని తేలడం సిగ్గుపడవలసిన సంగతి కాదని ఆయనకి నచ్చజెప్పినవాడు కార్ల్ పాపర్ అనే తత్త్వవేత్త. 1963లో ఎకిల్స్‌కీ నోబెల్ బహుమతి వచ్చింది. పట్టుపట్టిన మాట తప్పని తెలిశాక వదిలేసుకునే మగవాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు గనక ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇప్పుడు తెలిసినంతలో ఆ "వద్దు" ఎలా అందుతుందంటే — వద్దనే నరం కొసలో అతి సన్నని బుడగల్లాంటి సంచులుంటాయి. వెన్నుపాములో ఎక్కువగా గ్లైసీన్, మెదడులో ఎక్కువగా గాబా అనే పదార్థాలు ఆ సంచుల్లో ఉంటాయి. మెదడులో గాబా ఉందని 1950లో తెలిసింది. వెన్నుపాములో గ్లైసీన్ ఈ పని చేస్తుందని 1965లో ఆప్రిసన్, వెర్మన్ అనేవాళ్ళు చెప్పారు. కబురు రాగానే సంచి వెళ్ళి కొసగోడకి అతుక్కుని, లోపలున్నది సందులోకి ఒలకబోస్తుంది. సందు వెడల్పు మిల్లీమీటరులో యాభైవేలో వంతు. అవతలి కణం గోడకి ఈ పదార్థాన్ని గుర్తుపట్టే తలుపులున్నాయి. అవి తెరుచుకుంటాయి. మన వంటింటి ఉప్పులో సగమైన క్లోరైడు లోపలికి దూరుతుంది. దానిది మైనస్ విద్యుత్తు కాబట్టి కణం ఊరుకుంటుంది. కండని నడిపే ఒక్కొక్క నాడీకణం మీదా ఇలాంటి కొసలు వేలకొద్దీ వాలి ఉంటాయట, కొన్ని "కానియ్" అంటూ, కొన్ని "వద్దు" అంటూ. అందరి మాటా విని, లెక్క చూసుకుని, అప్పుడు కణం కదలడమో మానడమో చేస్తుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి బతుకనుకోండి!

ముష్టివిషం ఈ తలుపుల్ని మూసేస్తుంది. అంటే వినేవాళ్ళ చెవి మూస్తుంది. ధనుర్వాతం చేసేది వేరు. గాయం దగ్గర నరం కొసలో దూరి, ఆ నరం లోపల్నుంచే మెల్లగా వెన్నుపాముకి ఎక్కి, అక్కడ వద్దనే నరంలోకి చొరబడుతుంది. సంచిని కొసగోడకి అతికించే ఓ ప్రొటీనుంటుంది. దాన్ని కత్తెరతో కోసినట్టు కోస్తుంది. 1992లో ఇటలీలోని పాదువాలో మాంటెకుక్కో, స్కియావో మొదలైనవాళ్ళు ఈ సంగతి కనిపెట్టారు. సంచిలో గ్లైసీన్ ఉంటుంది. పోయడానికి వీలుండదు. మాట గొంతులో ఉంటుంది, పైకి రాదు.

అది చదివి పుస్తకం మూసేశాను. చాలాసేపు మళ్ళీ తెరవలేదు.

పాలు తాగడమంటే మాటలా? దవడ తెరవాలి, మూయాలి, తెరవాలి. నాలుక లాగాలి, వదలాలి, మింగాలి. ఒక కండ బిగిసినప్పుడల్లా ఇంకోటి ఊరుకోవాలి. ఐదు రోజులు ఆ బిడ్డ ఒంట్లో ఇదంతా సవ్యంగా నడిచింది. ఆరో రోజుకి కొడవలి మీది మన్నులోనో పిడక బూడిదలోనో ఉన్న క్రిమి విషం వెన్నుపాముకి చేరింది. ఆ పసివాడు పాలు వద్దనలేదు. ఎలా అంటాడు? ఆ ఒంట్లో "వద్దు" అనే మాటే పోయింది. మూసే కండలు ఊరుకోవడం మానేశాయి కాబట్టి నోరు తెరుచుకోలేదు. ఆకలేసి, తల్లి రొమ్ము దగ్గర తడుముకుంటూ ఉన్నాడే గాని, తల్లిని కాదనలేదు.

ఈ ఒక్క ముక్క మా అమ్మకి ఎవరైనా చెప్పి ఉంటే!

తెలియక కాదు. క్రిమి సంగతి 1884లోనే జర్మనీలో నికోలాయర్ తోటమన్నులో పట్టుకున్నాడు. 1889లో బెర్లిన్‌లో కితసాటో అనే జపాన్ డాక్టరు దాన్ని విడిగా పెంచాడు. దాని గింజలు ఎంత మొండివంటే, 80 డిగ్రీల వేడిలో మిగతా క్రిములన్నీ చచ్చినా అవి బతుకుతాయి. ఆ మొండితనాన్నే ఉపాయంగా వాడుకుని, వేడిచేసి మిగతావాటిని చంపి దీన్ని వేరుచేశాడు. మర్నాటి సంవత్సరం బెహ్రింగ్‌తో కలిసి విషానికి విరుగుడు సీరం చూపించాడు. 1924లో ఫ్రాన్సులో డెకోంబే విషం కోరలు తీసేసి టీకా తయారుచేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకి ఆ టీకాలు వేశారు. మా అన్న పుట్టిన 1949 నాటికి మందు ఉంది, మా అమ్మమ్మగారి ఊరిదాకా రాలేదు. అంతే తేడా.

మా అమ్మ ఒక్కతేనా? 1988లో కూడా ప్రపంచంలో ఏటా 7,87,000 మంది పసివాళ్ళు పురిట్లో ధనుర్వాతంతో పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పోయినవాళ్ళలో చాలామందికి పేరు కూడా పెట్టివుండరు. బారసాల దాకా ఉంటే కదా!

ఇక మనవాళ్ళు చేసిన పని చెప్పాలి. తల్లి కడుపుతో ఉండగా నాలుగు వారాల ఎడంతో రెండు ఇంజెక్షన్లు ఇస్తే, తల్లి రక్తంలో తయారైన విరుగుడు మాయ దాటి బిడ్డకి చేరుతుంది. పుట్టాక ఆ క్రిమి తగిలినా, విషం నరంలోకి చేరకముందే ఆ విరుగుడు దాన్ని పట్టేస్తుంది. దీనికి తోడు ఐదు శుభ్రతలు నేర్పారు — శుభ్రమైన చేతులు, శుభ్రమైన పడక, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డుమీద ఏమీ అద్దకుండా ఉంచడం. ఎంత చిన్న సంగతులు! వీటిని పల్లెపల్లెకీ మోసింది ఎవరనుకున్నారు? చేతిలో ఐసుపెట్టె, భుజాన సంచితో బస్సులు పట్టుకుని, పొలంగట్ల మీద నడిచిన నర్సమ్మలు. "ఇంజెక్షన్ వద్దు, కడుపులో బిడ్డకి వేడి చేస్తుంది" అన్న అత్తగార్లతో అరుగుల మీద కూచుని గంటలకొద్దీ మాట్లాడినవాళ్ళు. శిక్షణకి వెళ్ళి కొడవలి పక్కనపెట్టి బ్లేడు పట్టిన మంత్రసానులు.

2003లో, అప్పటికింకా ఉమ్మడిగా ఉన్న మన ఆంధ్రప్రదేశ్‌లో సర్వే చేశారు. ప్రతి జిల్లాలోనూ వెయ్యిమంది పుడితే అందులో ఒక్కరికన్నా తక్కువమందికే ఈ జబ్బు వస్తే నిర్మూలించినట్టు లెక్క. ఆ లెక్కకి మన రాష్ట్రం నిలిచింది. ఏడున్నర కోట్లు దాటిన జనం, వేల పల్లెలు! దేశం మొత్తం ఆ గీత దాటడానికి 2015 దాకా పట్టింది. మనం అంతకు పన్నెండేళ్ళు ముందు దాటాం. సినిమా హీరోల పుట్టినరోజులు గుర్తుపెట్టుకునే మనం ఈ సంవత్సరాన్ని ఎందుకు గుర్తుపెట్టుకోలేదో నాకు తెలియదు. బహుశా జరగని చావుల్ని ఎవరూ లెక్కపెట్టుకోరు కాబట్టేమో.

అలాగని మశూచిలా ఈ జబ్బు పూర్తిగా పోలేదు. పోదు కూడా. మశూచి మనిషి నుంచి మనిషికే అంటేది, మనుషులందర్నీ కాపాడితే దానికి చోటు లేకపోయింది. ధనుర్వాతం క్రిమి మన్నులో ఉంటుంది, పశువుల పేడలో ఉంటుంది, మా మేడమీద చెక్కముక్కకున్న మేకుమీదా ఉండొచ్చు. అందుకే పుట్టే ప్రతి బిడ్డ కోసం, కడుపుతో ఉన్న ప్రతి తల్లికీ మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉండాలి. ఓ తరం మరిచిపోతే కొడవలి కాలం మళ్ళీ వచ్చేస్తుంది.

ఇదంతా చదివిన వారానికి, మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ కూతురు పుట్టింటికి వచ్చింది. నాలుగో నెల. తల్లితో పాటు వచ్చి మెట్ల మీద కూచుంది. "ఇంజెక్షన్ వేయించుకున్నావా?" అన్నాను. తల దించుకుంది. "మా అత్త వద్దంటోందమ్మా. మా అత్తకి ఆరుగురు పుట్టారంట, ఒక్క సూదీ వేయించుకోలేదంట" అంది.

"ఆరుగురూ ఉన్నారా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "నలుగురున్నారు" అంది.

మరి నేనేం పాఠం చెప్పలేదు. గ్లైసీనూ క్లోరైడూ నా నోట్లోంచి రాలేదు. మా అమ్మ కథ చెప్పాను, అంతే. మర్నాడు పొద్దున్న కుంటుకుంటూనే ఆ పిల్లని ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్ళాను. వేయించుకుని వచ్చి, భుజం పట్టుకుని, "నొప్పిగా ఉందమ్మా" అని నవ్వింది. రెండో దానికి ఏ తారీఖున రావాలో కార్డు మీద రాయించి, ఆ తారీఖు మా వంటింటి క్యాలెండరు మీద కూడా రాసుకున్నాను. పాలవాడి లెక్క పక్కనే.

ఆ సాయంత్రం దీపం పెట్టి, గోడమీదున్న అమ్మ ఫోటో ముందు కాసేపు నిలబడ్డాను. మావారు పక్కగదిలో వార్తలు చూస్తున్నారు, మనవడు చదువుకుంటున్నాడు. ఎవరికీ వినబడకుండా చెప్పాను.

"వాడు వద్దనలేదమ్మా."